వస్తు కటకానికి పడిన దీర్ఘం

1967వ సంవత్సరం జూలై మాసం మూడవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ కలిదిండి పెద్దిరాజు గారు మన కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా చేరడానికి విచ్చేసి, హాజరు పట్టీలో సంతకం చేయబోగా, అప్పటి హెడ్డు గుమస్తా గారు కలం అందివ్వకుండా తమ చొక్కా జేబులోనే భద్రంగా ఉంచుకుని, "ఓ అరగంట అలా కూర్చోండి మేష్టారూ, వర్జ్యం నడుస్తోంది" అన్నారు.

"సూర్యుడి దగ్గర బయల్దేరిన వెలుగు ఎనిమిది నిమిషాల చిల్లరలో మన గుమ్మంలోకి వచ్చేస్తుందండి. దార్లో ఎక్కడా వర్జ్యం చూసుకోదండి" అని పెద్దిరాజు గారు తమ సొంత కలం తీసి సంతకం చేశారు.

వర్జ్యంలో చేరిన మనిషికి సర్వీసు పొడుగునా కోపం తప్పదని గుమస్తా గారు ఆ సాయంత్రమే కాఫీ హోటల్లో జోస్యం చెప్పారు. జ్యోతిషం మీద పెద్దిరాజు గారి అభిప్రాయం ఏదైనప్పటికీ, ఆ ఒక్క జోస్యం మాత్రం ముప్పై మూడేళ్లపాటు అక్షరాలా ఫలించిందని, వారి పదవీ విరమణ శుభసందర్భాన ఈ సంచిక ద్వారా ధ్రువీకరించవలసి వస్తున్నది.

అయితే ఆ కోపం ఎటువంటిదో కొత్తగా చేరిన సహోద్యోగులకు వివరించడం అవసరం. జీతం ఆలస్యమైనా వారికి కోపం రాలేదు. ప్రమోషన్ వేరొకరికి వెళ్లినా రాలేదు. బస్సులో తమ కాలు తొక్కిన వ్యక్తికి తామే క్షమాపణ చెప్పిన సందర్భానికి సాక్షులున్నారు. వారి ఆగ్రహమంతా వెలుగుకు గాని, వెలుగు మర్మం కనిపెట్టిన మహానుభావులకు గాని ఎవరైనా అపచారం చేసినప్పుడే పెల్లుబికేది. ఆ మహానుభావులు పోయి రెండు వందల ఏళ్లో వెయ్యేళ్లో కావడం వల్ల, వాళ్ల తరఫున కోప్పడే బాధ్యత ఈ గోదావరి జిల్లాల్లో తమ ఒక్కరి మీదే పడిందని వారు భావించారు. ఆ భావన తప్పని చెప్పగలిగిన రెండో మనిషి ఇంతవరకు మన కళాశాలలో చేరలేదు.

1971లో వారు యాజమాన్యం వారిని కోరిన మొట్టమొదటి కోరిక, భవనం ఈశాన్య మూలనున్న గది కిటికీలు ఇటుకలతో మూయించమని. కాంతి ప్రయోగాలు చేయడానికి చీకటి గది కావాలి. ఫ్యాను లేదనీ కిటికీ లేదనీ అర్జీ పెట్టేవారే తప్ప, ఉన్న కిటికీలు మూయించమని అర్జీ పెట్టిన ఉద్యోగిని ఎన్నడూ చూడని ప్రిన్సిపాల్ గారు, కంగారుగా వారి శ్రీమతి పాపాయమ్మ గారి యోగక్షేమాలు విచారించి మరీ అనుమతించారు. లోపల గోడలకు నల్లరంగు వేయడం మొదలుపెట్టాక, మూడు గోడలకే రంగు సరిపోయింది. నాలుగో గోడకు మంజూరు కాలేదు. "మూడు వైపులా చీకటి ఉంటే నాలుగోవైపు దానంతటదే వస్తుంది" అని యాజమాన్యం వారు లిఖితపూర్వకంగా తెలియజేశారు. ఆ విధంగా దక్షిణపు గోడ సున్నపు తెలుపుతోనే మిగిలిపోయింది. ఆ గోడను చూసినప్పుడల్లా పెద్దిరాజు గారు పళ్లు కొరికేవారు. ఆ గోడే ఒకనాటికి తమను కాపాడుతుందని వారికి అప్పుడు తెలియదు.

వారి రెండో కోరిక ఇంకా చిన్నది. ఉత్తరపు గోడకు వేలు పట్టేంత చిల్లు ఒకటి పెట్టించమన్నారు. వెలుగును తెలుసుకున్నవారందరూ చీకట్లో కూర్చుని, చిన్న చిల్లులోంచి వచ్చే వెలుగును చూసే తెలుసుకున్నారనీ, న్యూటన్ సైతం కిటికీ తలుపుకు చిల్లు పొడిచే సూర్యకిరణాన్ని లోపలికి రానిచ్చాడనీ వివరించారు. లక్షణమైన గోడకు చిల్లు పెట్టడం సంస్థకు శ్రేయస్కరం కాదని సమాధానం వచ్చింది. ఏటా అడిగేవారు. ఏటా అదే సమాధానం వచ్చేది.

ఆ గది తలుపు ఎవరు తెరిచినా లోపల్నుంచి "తలుపు!" అని ఒక కేక వినిపించేది. విద్యార్థులు వారిని ప్రేమగా తలుపు మేష్టారని పిలుచుకునేవారు. ఈ విషయం వారికి తెలియదని విద్యార్థులు నమ్మేవారు.

చీకటి గది బయట నడవాలో, హైస్కూలు డ్రాయింగు మేష్టారి చేత వారు గీయించి పెట్టిన పటాలు నేటికీ ఉన్నాయి. మొదటిది, సుమారు వెయ్యేళ్ల క్రితం చీకటి గదిలో చిల్లు రహస్యం శ్రద్ధగా పరిశీలించిన అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ పటం. ఆయన ఎలా ఉండేవారో ఎవరికీ తెలియదు కనుక, డ్రాయింగు మేష్టారు గడ్డం విషయంలో ఉదారంగా వ్యవహరించారు. ఫలితంగా పరీక్షల రోజుల్లో ఆ పటం దగ్గర అగరొత్తులు వెలిగేవి.

"ఎవరు వెలిగించారివి?" అని పెద్దిరాజు గారు గర్జిస్తే, ఒక విద్యార్థిని వణుకుతూ, "బాబా గారికేనండి, నేనేనండి" అంది.

"బాబా కాదమ్మా! చూపు అంటే కంట్లోంచి వెలుగు బయటికి పోవడం కాదు, వస్తువు మీంచి వెలుగు కంట్లోకి రావడం అని గట్టిగా వాదించి నిలబెట్టిన మనిషి! ఆయనకి పొగ పెడతావా? ఏం కనబడుతుంది ఆయనకి?"

ఆ అమ్మాయి ఆ ఏడాది కాంతిశాస్త్రంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. దాంతో మరుసటి ఏడు అగరొత్తులు రెట్టింపయ్యాయి.

పక్క పటం థామస్ యంగ్ గారిది. వృత్తిరీత్యా వైద్యుడైన ఆయన, వెలుగుకు వెలుగు కలిస్తే కొన్నిచోట్ల చీకటి అవుతుందని నిరూపిస్తే, ఒక పత్రికాసమీక్షకుడు నోటికొచ్చినట్టు రాశాడు. దానికి జవాబుగా యంగ్ గారు ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తే, అది ఒకే ఒక్క ప్రతి అమ్ముడుపోయిందని చెబుతారు. ఈ ఉదంతం పెద్దిరాజు గారు స్టాఫు రూములో చెబుతున్నప్పుడు వారి మెడ నరాలు ఉబ్బేవి.

"ఒక్కటండీ! ఒక్క కాపీ! ఆ మనిషికి ఎలా ఉంటుందండీ?"

"ఎంత అన్యాయమండీ" అని ఇంగ్లీషు మేష్టారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఇంతకీ ఎప్పుడు జరిగిందండీ ఇది?"

"1804."

"ఓహో. నేనింకా మొన్న కొవ్వూరులో అనుకున్నాను."

ఆ తర్వాత వారిద్దరికీ చాలాకాలం మాటల్లేవు. యంగ్ గారి తరఫున.

విజయదశమి నాడు జరిగే ఆయుధపూజ సంగతి పాత ఉద్యోగులందరికీ గుర్తుండే ఉంటుంది. పూజలో ప్రయోగశాల పరికరాలు కూడా పెట్టాలని ప్రిన్సిపాల్ గారు ఆదేశించగా, అటెండరు ఏసురాజు భక్తిగా స్పెక్ట్రోమీటర్లన్నీ తుడిచి, వరసగా పేర్చి, ప్రతిదాని కటకం మధ్యలో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు.

"ఎవడు చెప్పాడ్రా నీకు, గాజు మీద పెట్టమని?"

"ప్రిన్సిపాల్ గారేనండి. మిషనుకి మొహం ఎక్కడుంటే అక్కడ పెట్టమన్నారండి. కన్ను ఇక్కడుంది కదా, మొహం కూడా ఇక్కడే ఉంటాదనుకున్నానండి. మా చర్చీలో ఇలాటియ్యి ఉండవు కదండీ, నాకేం తెలుసండి."

ఆ తర్కంలో తప్పు కనిపెట్టలేకపోవడం వల్ల పెద్దిరాజు గారి ఆగ్రహం ప్రిన్సిపాల్ గారి గదివైపు మళ్లింది. అటుపైన కొన్ని నెలలపాటు మన విద్యార్థులు సోడియం దీపపు పసుపుపచ్చ వెలుగులో ఎరుపు సైతం చూశామని రికార్డుల్లో రాశారు.

1988లో వారికి కాకినాడలో శస్త్రచికిత్స జరిగినప్పటి ముచ్చటొకటి ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. రోగిని చూడబోయేవారు ఆపిల్ పళ్లు తీసుకెళ్లకపోతే రోగికి నయం కాదని మన మధ్యతరగతి వారి దృఢవిశ్వాసం. మంచం పక్కన స్టూలు మీద పళ్లు గోపురంలా లేచాయి. కామర్సు మేష్టారు మరికొన్ని జోడిస్తూ, "మీ న్యూటన్ గారి పండే కదాని ఏరి మరీ తెచ్చానండి" అన్నారు.

పెద్దిరాజు గారు మంచం మీద సగం లేచారు.

"తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయని పట్టకం పెట్టి విడగొట్టి చూపించాడండీ ఆయన! మళ్లీ ఆ రంగులన్నీ కలిపి తెలుపు చేసి చూపించాడండీ! ఇంత చేస్తే, మీకు ఆయన తోటలో కూర్చున్న సంగతొక్కటే గుర్తుందా?"

కేక విని నర్సు మెర్సీ పరుగున వచ్చి భుజాలు పట్టి పడుకోబెట్టింది. "ఏంటండీ రాజుగారూ, కుట్లు తెంపుకుంటారా ఏంటి? ఆయనెవరో నాకు తెలీదు గాని, ఆయన కోసం మీరు ఇంకోసారి ఆపరేషను చేయించుకోనక్కర్లేదు."

పాపాయమ్మ గారు ఇవేవీ పట్టించుకోకుండా పండు కోసి ముక్క నోట్లో పెడుతూ, "పెద్ద రేగుపండనుకుని తినండి" అన్నారు. తిన్నారు.

ఇక అసలు విషయానికి రావాలి. చీకటి గదిలో మూడు కొత్త అల్మారాలు చేయించినప్పుడు, వాటిమీద పేర్లు రాయడానికి ఊళ్లో బోర్డులు రాసే పెయింటరును పిలిచారు. మొదటిదాని మీద పట్టకములు అనీ, రెండోదాని మీద అక్షి కటకములు అనీ చక్కగా రాశాడు. దుర్భిణిలో మన కంటివైపు ఉండేది అక్షి కటకం. చూడబోయే వస్తువువైపు ఉండేది వస్తు కటకం. మూడో అల్మారా మీద వస్తు కటకములు అని రాయాలి. కాని ఆ వారమంతా అతను పక్క వీధిలో ఒక వాస్తు సిద్ధాంతి గారి బోర్డు రాసి ఉన్నందువల్ల చెయ్యి అలవాటుపడి, వకారానికి నిండైన దీర్ఘం ఒకటి ప్రసాదించాడు. ఎర్ర అక్షరాలతో, పచ్చ నీడతో, వాస్తు కటకములు అని వెలసింది.

"దీర్ఘం తియ్యి!" అన్నారు పెద్దిరాజు గారు.

"ఒక్క దీర్ఘమే కదండీ. అర్థం మారిపోద్దా ఏంటి?"

"అర్థం మారదా?!"

"గీకమంటే గీకుతానండి. మచ్చ పడిపోద్ది, కొత్త బీరువా. నాదేం పోయింది."

మచ్చ పడిన అల్మారా మీద కొత్తగా రంగు వేయడానికి మళ్లీ యాజమాన్యం వారికి అర్జీ పెట్టుకోవాలి. నాలుగో గోడ అనుభవం వల్ల పెద్దిరాజు గారు అంతటితో ఆగారు. కాని ప్రతి సంవత్సరం మొదటి తరగతిలో విద్యార్థులను ఆ అల్మారా ముందు నిలబెట్టి, "ఆ దీర్ఘం ఉన్నట్టు చూడొద్దు. అది లేదు" అని ప్రమాణం చేయించేవారు.

1994 ఫాల్గుణ మాసంలో మన కళాశాలకు ఆపద వచ్చింది. అంతకుముందు ఏడాది ఫలితాలు దిగజారాయి. ఉపన్యాసకుల ఖాళీలు నాలుగేళ్లుగా భర్తీ కాకపోవడం అందుకు కారణం కావచ్చునని ఎవరికీ తట్టలేదు. రైసు మిల్లు యజమాని, మన కార్యదర్శి శ్రీ చిట్టియ్య గారు, ఆ రోజుల్లో అందరూ చేస్తున్న పనే చేశారు. వాస్తు చూపించారు. గుమ్మాలు మార్చని ఇల్లు, మెట్లు కొట్టేయని మేడ, నుయ్యి పూడ్చని పెరడు జిల్లాలో అరుదైపోయిన కాలమది. కోరుకొండ వైపు నుంచి వచ్చి ఆ పక్క వీధిలో బోర్డు పెట్టుకున్న వీరాస్వామి సిద్ధాంతి గారు విచ్చేసి, దిక్సూచి పట్టుకుని ప్రాంగణమంతా ప్రదక్షిణం చేశారు.

"ఆ దిక్సూచి మా శాఖది. పని అయ్యాక జాగ్రత్తగా ఇచ్చెయ్యమనండి" అని మాత్రం అన్నారు పెద్దిరాజు గారు.

సిద్ధాంతి గారు తేల్చిందేమంటే, ఈశాన్యం మూసుకుపోయిందట. దేవుడు నడిచొచ్చే మూలలో ఇటుకలు పెట్టి చీకటి చేశారట. గురువారం ఉదయం ముహూర్తానికి ఉత్తరపు గోడ పడగొట్టి, పెద్ద కిటికీలు పెట్టి, ఆ గదిని కంప్యూటర్ల హాలు చేయాలని చిట్టియ్య గారు నిర్ణయించారు. ఆ గోడ పోతే మన కళాశాలలో కాంతి ప్రయోగాలకు వేరే చోటు లేదు. ఇరవై మూడేళ్లుగా పెద్దిరాజు గారు పెంచిన ప్రయోగశాల ఒక్క గునపంతో పోతుంది.

బుధవారం సాయంత్రం పెద్దిరాజు గారు మిల్లుకు వెళ్లారు. సిద్ధాంతి గారు కూడా అక్కడే ఉన్నారు. పెద్దిరాజు గారు హైతమ్ గారి దగ్గర మొదలుపెట్టి, వెలుగు చరిత్ర అంతా చీకటి గదుల చరిత్రేనని చెప్పబోయారు.

"ఎవరండీ ఆ గడ్డమాయన?" అన్నారు చిట్టియ్య గారు.

"ఆయన పెద్ద ఇంజినీరు కూడానండి. నైలు నది వరదల్ని అదుపు చేస్తానని కైరో వెళ్లాడంటారు. అక్కడ కుదరక, రాజుగారి కోపానికి భయపడి పిచ్చివాడిలా నటించి, ఇంట్లో బందీగా ఉండిపోయాడట. ఆ గృహనిర్బంధంలోనే కాంతి మీద గ్రంథం రాశాడని చెబుతారు."

చిట్టియ్య గారు గోదావరి కాలువల కింద పండిన ధాన్యంతో పైకి వచ్చిన మనిషి. ముఖం ముడుచుకున్నారు. "అంటే ఆనకట్ట కట్టలేకపోయాడా?"

"అది కాదండీ ముఖ్యం..."

"ఆనకట్ట కట్టలేనోడి ఫొటో మన కాలేజీలో ఎందుకండీ రాజుగారూ? ధవళేశ్వరం ఎంత దూరవుందని? కట్టినోళ్లనే పెట్టుకుందాం."

పెద్దిరాజు గారు ఊపిరి బిగబట్టి, ఇంకొకరి కథ ఎత్తుకున్నారు. ఫ్రౌన్‌హోఫర్ అనే అనాథ, గాజు పనివాడి దగ్గర కుదిరి, పద్నాలుగేళ్ల వయసులో ఆ ఇల్లు కూలి శిథిలాల కింద పడి, బతికి బయటపడి, తర్వాత సూర్యుడి వెలుగులో నల్లగీతలు లెక్కపెట్టాడని చెప్పారు. సిద్ధాంతి గారు మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగారు.

"ఇల్లు ఏ మూల కూలిందండీ?"

పెద్దిరాజు గారు లేచి వచ్చేశారు. మిల్లు నుంచి ఇంటిదాకా నడుస్తూ వారు ఏం గొణుక్కున్నారో కాలువగట్టు మీది వారికి వినిపించింది గాని, ఈ సంచికలో ముద్రించదగినది కాదు.

గురువారం ఉదయం ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టేవేళకు పెద్దిరాజు గారు కనిపించలేదు. చీకటి గది తలుపు లోపల గడియ వేసి ఉంది. ప్రిన్సిపాల్ గారు తలుపు కొట్టారు.

"రాజుగారూ, బయటికి రండి. గోడ పడుద్ది, దెబ్బ తగులుద్ది."

"తగలనివ్వండి!" లోపల్నుంచి వచ్చింది. "హైతమ్‌ గారిని ఇంట్లో పెట్టి తాళం వేశారు. నేను నా అంతట నేనే వేసుకున్నాను. తేడా ఏముంది?"

"మీరు ఉత్తరపు గోడకి దూరంగా కూర్చోండి పోనీ."

"కూర్చోను!"

ముహూర్తం దాటిపోతున్నదని చిట్టియ్య గారు సైగ చేశారు. బయట తాపీమేస్త్రి గునపం ఎత్తి, ఛాతీ ఎత్తున ఇటుకల సందులో ఒక్క పోటు పొడిచి, పెకలించి, వెనక్కు లాగాడు. బయటివైపు పళ్లెమంత పెళ్ల ఊడింది. లోపలివైపు మాత్రం పావలా బిళ్లంత చిల్లే పడింది.

అప్పుడు లోపల్నుంచి ఒక కేక వినిపించింది. మనిషికి దెబ్బ తగిలితే పెట్టేలాంటి కేక. మేస్త్రి గునపం పారేసి పక్కకు పరిగెత్తాడు. అందరూ తలుపు దగ్గరకు ఉరికారు. లోపల్నుంచి పెద్దిరాజు గారే గడియ తీశారు. ప్రిన్సిపాల్ గారూ, చిట్టియ్య గారూ, సిద్ధాంతి గారూ, ఏసురాజూ ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి పడ్డారు.

"తలుపు!" అన్నారు పెద్దిరాజు గారు.

ఇన్నేళ్ల అలవాటు. ఏసురాజు ఠక్కున తలుపు మూసేశాడు. చీకటైంది.

కళ్లు అలవాటుపడ్డాక, రంగుకు నోచుకోని ఆ తెల్లటి దక్షిణపు గోడ మీద మన కళాశాల కనిపించింది. ప్రహరీ, గేటు, గేటు పక్క కొబ్బరిచెట్లు, చిట్టియ్య గారి తెల్ల అంబాసిడర్ కారు, అన్నీ రంగుల్లో. కొబ్బరాకులు కదులుతున్నాయి. ఆకాశం కింద ఉంది. నేల పైన ఉంది. కారు చక్రాలు పైకి పెట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు తలకిందులుగా చుట్ట కాలుస్తున్నాడు. పొగ కిందికి పోతోంది.

సిద్ధాంతి గారు మెల్లగా గోడ దగ్గరకు వెళ్లి, కదులుతున్న కొబ్బరాకును వేలితో తాకి చూశారు.

"ఎన్ని వాకిళ్లు చూశానండీ నేను. వాకిలి నడిచొచ్చి గోడ మీద వాలడం ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు. చెప్పులు విడిచి పక్కన పెట్టారు.

చిట్టియ్య గారి ఆందోళన వేరు. "ఏంటండీ ఇది? కాలేజీ తలకిందులైపోయిందేంటండీ? నా కారు!"

"తలకిందులు కాలేదండీ. పైనుంచి వచ్చే వెలుగు చిల్లులోంచి తిన్నగా కిందికి పోతుంది, కిందినుంచి వచ్చేది పైకి పోతుంది. మీరు వద్దన్న ఆ గడ్డమాయన వెయ్యేళ్ల క్రితం చెప్పిందే. ఉండండి." పెద్దిరాజు గారి గొంతులో కోపం ఉందో సంతోషం ఉందో ఏసురాజు నేటికీ చెప్పలేకపోతున్నాడు. గబగబా మూడో అల్మారా తెరిచి, పెద్ద కటకం ఒకటి తీసి, చిల్లుకు ఆనించారు. గోడ మీది బొమ్మ చెరిగిపోయింది. "ఇప్పుడు దగ్గర్లో తెల్లటి తెర కావాలి. మూరెడు దూరంలో."

ఆ గోడ కాక గదిలో తెల్లగా ఉన్నది చిట్టియ్య గారి ఇస్త్రీ లాల్చీ ఒక్కటే.

"ఇలా రండి. చిల్లుకి ఎదురుగా. కదలకండి."

కార్యదర్శి గారిని కదలవద్దని చెప్పిన మొదటి ఉద్యోగి వారే. ఆయన కదలలేదు. ఆయన ఛాతీ మీద, గుండీలకు అటూ ఇటూ, కొబ్బరాకు ఈనెలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా, కళాశాల గేటు వాలింది. పక్కనుంచి చూస్తున్న అందరికీ అది తలకిందులుగానే ఉంది. కాని చిట్టియ్య గారు చూసింది పక్కనుంచి కాదు. గడ్డం వంచి తన ఛాతీని తానే చూసుకున్నారు. అలా చూస్తే బొజ్జ పైన ఉన్నట్టూ మెడ కింద ఉన్నట్టూ లెక్క. అందువల్ల గేటు నిటారుగా, ఆకాశం ఆకాశంలా, కారు చక్రాల మీద నిలబడి కనిపించింది.

"తిన్నబడింది!" అన్నారు చిట్టియ్య గారు. "సిద్ధాంతి గారూ, ఇందాక తలకిందులుగా ఉన్న కాలేజీ తిన్నబడిందండీ! ఏంటి పెట్టారు రాజుగారూ?" అంటూ తల తిప్పి, తెరిచి ఉన్న అల్మారా తలుపు వైపు చూశారు. చిల్లు లోంచి వచ్చే వెలుగులో ఎర్ర అక్షరాలు తళుక్కుమన్నాయి. ఆయన కూడబలుక్కుని చదివారు. "వాస్తు... కటకములు."

ఆయన ఒక్కసారిగా పెద్దిరాజు గారివైపు తిరిగారు.

"వాస్తు కటకం! మన దగ్గర ఉండీ ఇన్నాళ్లూ వాడలేదా?"

పెద్దిరాజు గారి మెడ నరాలు ఉబ్బాయి. అక్కడ రెండు తప్పులున్నాయి. కాలేజీ తిన్నబడలేదు, చిట్టియ్య గారు వంగారు. వాస్తు లేదు, పెయింటరు ఉన్నాడు. వెయ్యేళ్లుగా ఎందరో మహానుభావులు తిట్లు తిని, బందీలై, శిథిలాల కింద పడి నిలబెట్టిన సత్యానికి, తమ ఎదుటే, తమ చీకటి గదిలోనే అపచారం జరుగుతోంది. వారు నోరు తెరిచారు.

"అది వాస్తు కా..."

సిద్ధాంతి గారు వారి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చెవి దగ్గరకు వంగి, మెల్లగా అన్నారు. "ఆ దీర్ఘం నాకూ కనబడిందండీ రాజుగారూ. నా బోర్డు రాసినోడి చెయ్యే అది, నాకు తెలీదా. మీరు ఈ ఒక్కసారికి ఊరుకుంటే గోడ నిలబడుద్ది. నాకూ మళ్లీ వచ్చి చూడాలనుందండి."

పెద్దిరాజు గారు నోరు మూశారు. చూసినవారు చెబుతారు, శస్త్రచికిత్సప్పుడు కూడా ఆ ముఖంలో అంత బాధ లేదని.

సిద్ధాంతి గారు అందరూ వినేలా గొంతు సవరించుకున్నారు. "చిట్టియ్య గారూ, ఈశాన్యం తెరుచుకుందండి. ఉత్తరపు వెలుగు ఎంత రావాలో అంతే వచ్చింది. ఇంతకంటే పెద్దది చేస్తే దోషం. గోడ జోలికి వెళ్లకండి. ఆ కటకం అక్కడే బిగించెయ్యండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు చిట్టియ్య గారు, ఇంకా ఛాతీ వైపే చూసుకుంటూ.

ఆ విధంగా, ఇన్నేళ్లు అర్జీలు పెట్టినా మంజూరు కాని చిల్లు, కొబ్బరికాయ ఖర్చుతో సహా యాజమాన్యం వారే పెట్టించి ఇచ్చారు. అవసరం లేనప్పుడు మూసుకునేందుకు చెక్క మూత కూడా చేయించారు. మరుసటి ఏడు ఫలితాలు మెరుగుపడ్డాయి. ఆ ఏడు ప్రశ్నపత్రం తేలిగ్గా వచ్చిందన్న మాట ఎవరూ అనలేదు. కంప్యూటర్లు నైరుతి గదిలోకి వెళ్లాయి. సిద్ధాంతి గారు ఏటా ఫాల్గుణంలో ఒకసారి వచ్చి, చెప్పులు బయట విడిచి, తలుపు తామే మూసి, కాసేపు గోడ మీద కొబ్బరాకులు చూసి వెళుతున్నారు.

ఆ గురువారం మధ్యాహ్నం పెద్దిరాజు గారు ఇంటికి వెళ్లి అన్నం ముట్టలేదు.

"ఇవాళ ఎవరి మీదండీ?" అన్నారు పాపాయమ్మ గారు.

"నా మీదే."

"అయితే తినొచ్చు. మీరెక్కడికీ పోరుగా, రేపు తిట్టుకోవచ్చు" అని ఆమె వడ్డించారు.

నిండు గౌరవంతో మరొక విషయం మనవి చేయక తప్పదు. ఈ జూన్ మాసాంతాన, అంటే 2000 సంవత్సరం జూన్ ముప్పైన, వారు పదవీ విరమణ చేస్తున్నారని తెలియగానే, వారి శాఖలోని యువ ఉపన్యాసకులు ఒక కానుక తలపెట్టారు. మేష్టారిని జీవితమంతా వేధించిన ఆ దీర్ఘాన్ని చెరిపించి, అల్మారాకు కొత్త రంగు వేయించి, వీడ్కోలు సభనాడు చూపించి ఆశ్చర్యపరచాలని. పెయింటరు బ్రష్షుతో సహా వచ్చేశాడు కూడా. సంగతి తెలిసి పెద్దిరాజు గారు నడవాలో పరిగెత్తుకు వచ్చారు. వారు పరిగెత్తడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

"ఎవడు చెప్పాడయ్యా మీకు, దాన్ని ముట్టుకోమని? ఉంచండి!"

"మీరే కదండీ ప్రతి ఏడాదీ ప్రమాణం చేయించేవారు, అది లేదనుకోమని" అన్నాడు ఒక యువకుడు.

"లేదనుకోమన్నాను. తీసెయ్యమన్నానా?" అని అల్మారాకు వీపు ఆనించి నిలబడ్డారు. "ఆ దీర్ఘం పోతే అది మామూలు కటకం. మామూలు కటకం కోసం ఈ కాలేజీలో ఎవరైనా గోడ ఉంచుతారా? చెప్పండి, ఒక్కరి పేరు చెప్పండి!"

ఎవరూ ఒక్కరి పేరు చెప్పలేకపోయారు. ఆ ఆగ్రహం వారు మనకు వదిలి వెళుతున్న ఆస్తి. వెయ్యేళ్ల సత్యం తన కాళ్ల మీద తాను నిలబడలేక, ఒక పెయింటరు పొరపాటు మీద ఆనుకుని నిలబడవలసి రావడం మనకందరికీ సిగ్గుచేటని ఈ సంచికాముఖంగా ప్రకటిస్తున్నాము. ఇంత బాహాటంగా రాయడానికి కారణం, కార్యదర్శి గారు సావనీరులో తమ ఫొటో ఉన్న పేజీ దాటి ముందుకు వెళ్లరని సంపాదకవర్గానికి అనేక సంచికలుగా అనుభవం ఉండడమే. ఆ ఫొటో రెండో పేజీలో వేశాం. తిన్నగానే వేశాం.

వీడ్కోలు సభలో ఆపిల్ పళ్ల పళ్లెం పెట్టవద్దని సన్మాన సంఘం వారికి ప్రత్యేక మనవి.

శ్రీ పెద్దిరాజు గారు, సహధర్మచారిణి శ్రీమతి పాపాయమ్మ గారితో కలిసి, చల్లని చూపుతో, చెక్కుచెదరని కోపంతో, నిండైన ఆరోగ్యంతో కలకాలం వర్ధిల్లాలనీ, తలచుకున్నప్పుడల్లా వచ్చి చీకటి గదిలో కూర్చుని మమ్మల్ని "తలుపు!" అని గద్దిస్తూనే ఉండాలనీ, అల్మారా మీద వకారానికి ఉన్నటువంటి చెరగని, చెరపనివ్వని దీర్ఘమే వారి ఆయుస్సుకు కూడా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము. ఈసారి రాత పొరపాటేమీ లేదు. ఈ దీర్ఘం మేము కావాలనే పెట్టాం.